గజపతినగరం పెద్దమ్మ పంపిన జాబితా

ముప్ఫై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో నేను అన్నిటికంటే బాగా నేర్చిన విద్య అబద్ధమాడడం. విజయనగరం జిల్లాలో కొన్నాళ్లు, శ్రీకాకుళం జిల్లాలో చాలాకాలం టీబీ విభాగంలో సూపర్వైజరుగా పనిచేశాను. జబ్బు బయటపడినవాళ్ల పేర్లు రిజిస్టర్లో రాసుకోవాలి. ఆరు నెలలపాటు మందులు మింగుతున్నారో లేదో చూడాలి. మధ్యలో మానేసినవాళ్లను వెతికి పట్టుకోవాలి. ఆ మూడో పనికే అబద్ధాలు కావలసి వచ్చేవి. టీబీ అని తెలిస్తే ఆ మనిషి నీళ్లు తాగిన గ్లాసు విడిగా బోర్లించే ఇళ్లు అప్పటికింకా చాలా ఉన్నాయి.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు కొందరు ఫోన్ చేసి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. బదిలీలు, ప్రమోషన్లు అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి. వాటిలో చెప్పడానికేమీ లేదు. పదవీ విరమణ సభలో శాలువా కప్పి, నా రిజిస్టర్లంత శుభ్రమైన రిజిస్టర్లు జిల్లాలో లేవని పొగిడారు. నేను తలదించుకు కూర్చున్నాను. వినయమనుకున్నారు. నాకు సిగ్గేసి దించుకున్నాను. ఎందుకు సిగ్గేసిందో ఆ రోజు చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను.

ఎవరి నంబరు?

నేను చెప్పబోయేది రెండువేల పది తర్వాత రోజుల సంగతి. అప్పటికి సెల్‌ఫోన్లు అన్ని ఊళ్లకీ వచ్చేశాయి. కానీ సముద్రం ఒడ్డు ఊళ్లలో ఆడవాళ్లకు సొంత ఫోను ఉండడం అరుదు. రిజిస్టర్లో ఫోన్ నంబరు గడి నింపాలి కాబట్టి అడిగేవాళ్లం. వాళ్లు ఏదో ఒక నంబరు చెప్పేవారు. అది పడవ యజమానిదో, కిరాణా కొట్టుదో, ఎదురింటి కుర్రాడిదో అయ్యేది. ఒకే నంబరు పది పేర్ల పక్కన కనిపించేది.

అలాంటి నంబరుకు ఫోన్ చేసి, "టీబీ ఆఫీసు నుంచి" అనలేం కదా! అందుకని బంధువులమయ్యేవాళ్లం. నేను ఒకరికి శృంగవరపుకోట అత్తను, ఇంకొకరికి గజపతినగరం పెద్దమ్మను. "మా అమ్మాయిని ఒకసారి పిలవండి బాబూ" అంటే పిలిచేవారు. ఆ అమ్మాయి వచ్చి ఫోన్ అందుకుని, "ఆఁ పెదమ్మా, రేపొస్తాను" అనేది. మర్నాడు వచ్చి మందు మింగేది. ఎవరికి ఏమవుతానో మర్చిపోకుండా రిజిస్టర్ చివరి గడిలో, రిమార్కుల కింద, రాసుకునేదాన్ని. ఇది ఏ శిక్షణలోనూ చెప్పరు. మాకు మేమే కనిపెట్టుకున్న పద్ధతి.

ఒకావిడ సంగతి చెప్పాలి. పేరు నూకాలమ్మ అనుకుందాం. అసలు పేరు అది కాదు, ఊరు పేరు కూడా చెప్పను. చేపలు బుట్టలో పెట్టుకుని, ఒడ్డు నుంచి పైనున్న రైతుల ఊళ్లకు తిరిగి అమ్ముకునేది. ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. భర్త గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్లాడు. జబ్బు తేలిన రోజు ఆవిడ ఏడవలేదు. నేరుగా బేరానికి దిగింది.

"అమ్మా, నాకో సాయం సెయ్యి. నా కాయితం మా ఊరు ఎల్లనీకు. నానే ఈడికి వస్తాను, నీ కళ్లముందే మందు మింగి ఎల్తాను" అంది.

"రెండు బస్సులు మారాలి కదే" అన్నాను. మామూలుగా రోగి కార్డును ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తకు పంపి, మందు అక్కడే మింగిస్తాం.

"మారతాను. బుట్టలో సేపని సూసి కొంటారు గానీ, టీబీ మనిసిని సూసి కొంటారేటి? సేప అమ్ముడవకపోతే నానేటి తిని ఈ మందులు మింగాల?"

నీ పేరు నా దగ్గర నుంచి బయటికి పోదన్నాను. చెయ్యి చాచింది. చేతిలో చెయ్యి వేశాను. అప్పుడు ఫోన్ నంబరు చెప్పింది.

"ఇది మా మావది. ఒడ్డున సేపలు ఏలం ఏస్తాడు. మా వోళ్లందరికీ ఆ నంబరే. ఫోన్ సేస్తే సుట్టమని సెప్పు."

గజపతినగరం పెద్దమ్మనైంది ఆవిడకే. నాలుగు నెలలు ఒక్క మోతాదు తప్పకుండా మింగింది. ఒకటి రెండుసార్లు ఆలస్యమైతే ఫోన్ చేసేదాన్ని. అలలు, అరుపులు, వేలంపాట వినిపించేవి. వాటి మధ్యనే ఆ మావ గొంతు వినపడేది. "ఒలే నూకాలూ! మీ పెదమ్మ ఫోనే! బేగిరా!"

పెళ్లి శుభలేఖల మధ్య

నేను నిర్లక్ష్యపు మనిషిని కాదని ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. అదే నా తప్పును ఇంకా పెద్దది చేస్తుంది.

అంతకు కొన్నేళ్ల ముందు విజయనగరంలో ఉండగా మా ఆడపడుచు గృహప్రవేశానికి కార్డులు అచ్చువేయించడానికి ఒక ప్రెస్సుకు వెళ్లాను. యజమాని నమూనాల ఆల్బమ్ ముందు పెట్టాడు. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు తిప్పుతూ పోతుంటే, మధ్యలో మా ఆఫీసు చికిత్స కార్డు! రోగి పేరు, తండ్రి పేరు, వీధి, జబ్బు, అన్నీ నింపి ఉన్నాయి. కొత్త కార్డులు అచ్చువేయమని మా గుమాస్తా నమూనాగా ఒక వాడిన కార్డు ఇచ్చాడట. యజమానికి ఆ ఆకుపచ్చ అట్ట నచ్చి ఆల్బమ్‌లో అతికించుకున్నాడు.

కార్డు పీక్కుని ఆఫీసుకు వెళ్లి, ఆ గుమాస్తాను అందరి ముందూ చెడామడా తిట్టాను. "బయటివాడికి ఖాళీ కార్డు ఇవ్వాలని ఆ మాత్రం తెలియదా? నీ ఇంట్లోవాళ్ల కార్డయితే ఇస్తావా?" అన్నాను.  ఆ తర్వాత అతను నన్ను చూస్తే పక్కకు తప్పుకునేవాడు. చాలా గొప్ప పని చేశానని కొన్నేళ్లపాటు ప్రతి శిక్షణలో ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి. అతను ఇచ్చింది ఒక్క మనిషి కార్డు.

"ఉన్నదున్నట్టు ఇచ్చేయండి"

రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి ఎక్కాక, మందులు మానేసినవాళ్లకు ఫోన్లు చేసి గుర్తుచేసే పనిని బయటి సంస్థకు ఇచ్చారు. విశాఖలో ఆఫీసు. మంచి ఆలోచనే. మాకు చేతులు చాలేవి కావు. వచ్చిన ఉత్తరంలో వాళ్లకు ఇవ్వాల్సినవి రెండే ఉన్నాయి. ఫోన్ నంబరు, మందు తీసుకోవలసిన తేదీ. ఆ ఉత్తరం నేను చదివాను. చదవలేదని చెప్పుకోవడానికి కూడా లేదు.

సంస్థ మేనేజరు మా ఆఫీసుకు వచ్చాడు. మర్యాదస్తుడు. కంప్యూటర్ మీద నా షీటు తెరిచి చూపించాను. పేరు, వయసు, భర్త పేరు, ఊరు, వీధి, నంబరు, జబ్బు, మోతాదులు, చివర నా రిమార్కులతో సహా అన్నీ ఉన్నాయి. అతను కుర్చీలో ముందుకు జరిగి చూశాడు.

"మేడమ్, ఇన్ని జిల్లాలు తిరిగాను, ఇంత నీటుగా ఉన్న డేటా ఎక్కడా చూడలేదు" అన్నాడు.

అదిగో, అక్కడ పడిపోయాను. అన్నేళ్లలో నా షీటును ఎవరూ అలా చూడలేదు. మా డాక్టరుగారికి అందులో కావలసింది అడుగున ఉండే మొత్తం ఒక్కటే.

"మీకు నంబర్లూ తేదీలే కదా కావలసింది, మిగతావి తీసేసి ఇస్తాను. రేపటిదాకా టైమివ్వండి" అన్నాను. మాటవరసకే అన్నాను.

"ఎందుకు మేడమ్ మీకు శ్రమ? ఉన్నదున్నట్టు ఇచ్చేయండి. మాకు కావలసింది మేం తీసుకుంటాం."

డాక్టరుగారిని అడిగాను. ఆయన మంచివాడే, కానీ పైనుంచి ఫోన్ వస్తే కాలు నిలవని మనిషి. "ఇచ్చేయండమ్మా, సాయంత్రానికి ఇచ్చామని పైకి చెప్పాలి" అన్నారు. ఇచ్చేశాను. పెన్‌డ్రైవ్‌లో అయిదు నిమిషాల పని. ఆ గడులు తీసెయ్యడానికి పట్టేది కూడా అంతే. రేపటిదాకా టైమడగడం ఉత్త బడాయి. నిజానికి తీసెయ్యడం నాకు ఇష్టం లేదు. సగం షీటు ఇస్తే నా పనితనం ఎవరు చూస్తారు?

ఆ షీటులో నూకాలమ్మ పేరు పక్కన చివరి గడిలో నేనే టైపు చేసిన మాటలు ఉన్నాయి. "నంబరు ఈమెది కాదు. ఊళ్లో తెలియకూడదు. పెద్దమ్మనని చెప్పాలి." రహస్యాన్ని, అది రహస్యమన్న హెచ్చరికను కలిపి పంపాను.

రెండు వారాల తర్వాత చేపలు బాగా పడ్డాయేమో, నూకాలమ్మ ఆ వారం మందుకు రాలేదు. ఇదివరకైతే ఆ సాయంత్రమే ఫోన్ చేసేదాన్ని. ఇప్పుడు రానివాళ్ల లెక్క విశాఖకు పంపేసి, ఫోన్ చేసేవాళ్లున్నారు కదా అని ఊరుకున్నాను. తర్వాతి వారమూ రాలేదు. అప్పుడు చేశాను. ఫోన్ ఎత్తింది వేలం వేసే ఆయనే.

"గజపతినగరం పెద్దమ్మను బాబూ, మా నూకాలమ్మని..." అంటున్నాను.

"నువ్వు పెదమ్మవి కాదు గదమ్మా" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "టీబీ ఆఫీసు గదా. మొన్న మీ వోళ్లు సెప్పీసినారులే. అది ఊళ్లో నేదు. ఎల్లిపోనాది."

రికార్డింగు

విశాఖ వెళ్లాను. మేనేజరు కాఫీ తెప్పించాడు. పొరపాటేదీ జరగలేదని చూపించడానికి, ఆ ఫోన్ సంభాషణ రికార్డు చేసి ఉందని, వినమని చెవులకు హెడ్‌ఫోన్ ఇచ్చాడు. ఫోన్లన్నీ రికార్డు చేస్తున్నారన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ముందు అలల చప్పుడు వినిపించింది. వెనక ఎవరో వేలం ధర అరుస్తున్నారు. తర్వాత ఒక అమ్మాయి గొంతు, చాలా మర్యాదగా, "నమస్కారమండీ, నూకాలమ్మగారి నంబరేనా?"

"ఎవులు? ఇనపడ్డం నేదు. గట్టిగా సెప్పు!"

"స్పీకరెట్టు మావా" అని ఎవరో అన్నారు.

"నూకాలమ్మగారి టీబీ మందుల గురించి చేస్తున్నామండీ. ఈ వారం మోతాదులు తీసుకోలేదు. మధ్యలో ఆపేస్తే వారికీ, చుట్టుపక్కలవాళ్లకీ ప్రమాదమండీ."

వేలంపాట ఆగిపోయింది.  తర్వాత ఆయన, మెల్లగా, "ఒలే నూకాలూ... ఏటే ఇది?"

దూరం నుంచి ఆవిడ గొంతు వచ్చింది. తడబాటు లేదు. "రాంగు నంబరు మావా. ఎవుల్నో అడుగుతన్నారు. కట్టీసీ."

ఎంత చక్కటి అబద్ధం! అక్కడితో అది ఆగిపోయి ఉండేది. నూకాలమ్మలు ఆ ఒడ్డున నలుగురైదుగురు ఉంటారు. కానీ ఆ అమ్మాయి తన పని తాను శ్రద్ధగా చేసింది. "నంబరు కరెక్టేనండీ" అని, భర్త పేరు చదివింది. వయసు చదివింది. ఊరు, వీధి చదివింది. "వీరే కదండీ?" అంది.

 ఫోన్ కట్టయింది.

చదివినవన్నీ నేను నింపిన గడులే. నంబరూ తేదీ మాత్రమే ఇచ్చి ఉంటే, ఆ అమ్మాయి దగ్గర పేరే ఉండేది కాదు. నా రిమార్కుల గడి ఏమైందని అడిగాను. అది వాళ్ల తెరమీద కనిపించదట, చివర ఉంది కాబట్టి పక్కకు పోయిందట. ఆ అమ్మాయిని నేనేమీ అనలేదు. అనడానికి నాకు నోరెక్కడిది?

షీటు మొత్తం తీసెయ్యమన్నాను. "తీసేస్తాం మేడమ్" అన్నాడు. వారం తర్వాత ఫోన్ చేసి, "తీసేశాం మేడమ్" అన్నాడు. రాసివ్వమంటే నవ్వాడు. ఆ మాట నమ్మడం తప్ప నాకు దారి లేదు. కొన్ని నెలలకు మా దగ్గర మందులు వాడే ఇంకొకాయన వచ్చి, ఊపిరితిత్తులకు బలమిచ్చే పొడి కొంటారా అని ఎవరో పేరుపెట్టి పిలిచి ఫోన్ చేశారని చెప్పాడు. అది ఆ షీటు నుంచి వెళ్లిందో లేదో నాకు తెలియదు. పేరు ఒకసారి చెయ్యి దాటాక ఎక్కడెక్కడ తిరుగుతుందో చెప్పగలవాళ్లు లేరు.

డాక్టరుగారికి చెప్పాను. "మన తప్పేముందమ్మా, పైవాళ్లు పెట్టిన ఏజెన్సీ" అన్నారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకపూట హాయిగా అన్నం తిన్నాను కూడా. ఆ అన్నం తిన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

చెప్పవలసినది

కొత్తగా వచ్చినవాళ్లకు సలహా అంటూ ఉంటే ఇదే. బయటివాడు "ఉన్నదున్నట్టు ఇవ్వండి" అంటే ఇవ్వకండి. వాడి పనికి ఏ రెండు గడులు కావాలో అవే ఇచ్చి, మిగతావి మీ చేత్తో మీరే తీసెయ్యండి. అవసరం లేనిది వాళ్లు వాడరులే అనుకోవద్దు. కళ్లముందు ఉన్నదాన్ని ఎవరైనా చదువుతారు, మంచితనంతోనే చదువుతారు. ఆ నంబరు ఎవరి చేతిలో మోగుతుందో మీకు తెలుసు, వాళ్లకు తెలియదు. పని అయ్యాక షీటు ఏం చేస్తారో ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి. ఇచ్చాక అడిగితే నవ్వుతారు. ఇంకొకటి. ఎవరైనా మీ రికార్డులను మెచ్చుకుంటే, థాంక్స్ చెప్పి కంప్యూటర్ కట్టేయండి.

అక్క

నూకాలమ్మకు ఇంకా రెండు నెలల మందు మిగిలి ఉంది. మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది, అప్పుడది మామూలు మందులకు లొంగదు. నిజానికి మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఆవిడ నుంచి ఎవరికీ జబ్బు అంటుకోని స్థితి వచ్చేసింది. పరీక్షలోనూ తేలింది. ఆ మాట ఊళ్లో చెబుదామని వెళ్లాను. ఎలా చెప్పాలి? చెబితే టీబీ నిజమేనని నేను ముద్ర వేసినట్టు. సముద్రం ఒడ్డున కాసేపు తచ్చాడి తిరిగొచ్చాను. ఆవిడ చేపలమ్మే ఊళ్లలో తలుపులు అప్పటికే మూసేశారని, బుట్ట దించనివ్వలేదని తర్వాత తెలిసింది.

ఆవిడకు ఒక అక్క ఉందని, టెక్కలి వైపు సంతలో ఎండుచేపలు అమ్ముతుందని ఎప్పుడో మాటల్లో చెప్పింది. మూడు సంతలు తిరిగి పట్టుకున్నాను. నేనెవరో చెప్పగానే ఆవిడ త్రాసు కింద పెట్టేసింది.

"ఇంకేటి కావాలమ్మా?"

"మీ చెల్లెలు ఎక్కడుందో చెప్పు. మందు ఆపకూడదు. ఆపితే చచ్చిపోతుంది."

"సావనీను. గానీ ఊరు సెప్పను. సెప్తే రాసుకుంటావు. రాసుకుంటే ఎవులికో ఇస్తావు."

నా చేతిలో పెన్ను ఉంది. సంచిలో పెట్టేసుకున్నాను.

"మందు నాకియ్యి. నాను అట్టుకెల్తాను" అంది.

రోగి మా కళ్లముందే మింగాలన్నది రూలు. ఆ రూలు పక్కన పెట్టి, పదిహేను రోజులకోసారి సంతకు వెళ్లి మందులు ఆవిడ చేతికిచ్చాను. ఎండుచేపల గోనె పక్కన కూర్చుని, ఏది ఎప్పుడు మింగాలో చెప్పేదాన్ని. మరుసటిసారి ఖాళీ రేకులు గుడ్డలో చుట్టి తెచ్చేది. ఒక్కొక్కటీ లెక్కచూసి ఇచ్చేది. చెల్లెలు ఎలా ఉందంటే "బాగానే ఉన్నాది" అనేది. అంతకుమించి ఒక్క మాట నాకు దక్కలేదు. ఏ పనిలో చేరిందో, దగ్గు తగ్గిందో లేదో, భర్తకు తెలిసిందో లేదో ఏమీ చెప్పలేదు.

చివరి మందు ఇచ్చిన రోజు, "ఇంక అక్కర్లేదు. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే, వేరే పేరుతోనైనా సరే, ఒకసారి కఫం పరీక్ష చేయించుకోమను" అన్నాను. సరేనంది. లేవబోయి మళ్లీ కూర్చున్నాను.

"ఒక్క మాట చెప్పు. నా వల్లే అయింది, నన్ను క్షమించమన్నానని చెప్పు."

ఆవిడ మందులు కొంగున కట్టుకుని, నా వంక కాస్త జాలిగానే చూసింది.

"సెప్పనమ్మా."

"ఎందుకు?"

"ఈ మందు నీ దగ్గర్నించి వస్తందని దానికి తెలీదు. పలాసలో కొంటన్నానని సెప్పినాను. నీ పేరు ఎత్తితే మింగదు, ఉన్న ఊరు కూడా ఒగ్గీసి ఎల్లిపోతాది."

అందుకే క్షమాపణ నూకాలమ్మకు చేరలేదు. బతికి ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఉద్యోగం వదిలాక చాలాసార్లు వెళ్లి వెతుకుదామా అనిపించింది. మనుషుల్ని వెతికి పట్టుకోవడమే కదా నా పని, నాకది కష్టమేమీ కాదు. వెతకలేదు.